చెరువు వెలిగించిన ఇల్లు: క్రాగ్‌సైడ్ కథ

ఇంగ్లాండులో జమీందారీ భవనాలకు కొదవ లేదు. ఓటీటీ సీరియళ్ళ పుణ్యమా అని వాటి ముఖాలు మనకీ బాగానే తెలుసు: పెద్ద పోర్టికో, పచ్చిక, గుర్రపు బగ్గీ, వరండాలో వరుసగా నిలబడ్డ పనివాళ్ళు. వాటిలో ఒకే ఒక ఇల్లు గురించి చెప్పమంటే మాత్రం నేను క్రాగ్‌సైడ్ పేరే చెబుతాను. కారణం ఆ ఇంటి ముఖం కాదు. ఆ ఇంటికి దూరంగా, కింద లోయలో, ఎవరూ పెద్దగా ఫొటో తీయని ఒక చిన్న రాతి షెడ్డు.

హైడ్రాలిక్ మెషీన్స్ సెమినార్ కోసం పాత టర్బైన్ల గురించి వెతుకుతుంటే తగిలిందీ ఇల్లు. ఇప్పటిదాకా నేను అక్కడికి వెళ్ళలేదు. ప్లాన్లు, ఫొటోలు, దాని యజమాని 1881లో రాసిన ఒక ఉత్తరం చూశాను. ఆ ఉత్తరం చదివాక, భవన నిర్మాణం అంటే సివిల్ వాళ్ళ సబ్జెక్టు, కరెంటు అంటే ఈఈఈ వాళ్ళ గొడవ అని మనం గీసుకున్న గీత ఎంత సన్నదో అర్థమైంది.

ఎవరిదీ ఇల్లు?

ఇంగ్లాండుకు ఈశాన్యాన నార్తంబర్లాండ్‌లో రోత్‌బరీ అనే చిన్న ఊరుంది. దాని పక్కన కొండమీద ఉంటుంది క్రాగ్‌సైడ్. క్రాగ్ అంటే నిటారుగా లేచిన రాతిగుట్ట. గుట్ట పక్కన ఉంది కాబట్టి ఆ పేరు.

కట్టించినాయన విలియం ఆర్మ్‌స్ట్రాంగ్. 1810లో న్యూకాజిల్‌లో పుట్టాడు. తండ్రి మాట కాదనలేక లాయరయ్యాడు గానీ మనసంతా యంత్రాల మీదే. 1835లో సెలవులకు వెళ్ళి చేపలు పడుతూ ఒక నీటిచక్రాన్ని గమనించాడట. అంత ఎత్తునుంచి పడే నీటిలో ఉన్న శక్తిలో ఆ చక్రం వాడుకుంటున్నది చాలా కొంచెమే, మిగతాదంతా వృథాగా వాగులో కలిసిపోతోంది. మనమైతే రీల్ తీసి పెట్టేవాళ్ళం. ఆయన లెక్క వేసుకున్నాడు. 1846 నాటికి న్యూకాజిల్ రేవులో నీటి ఒత్తిడితో పనిచేసే క్రేన్ నిలబెట్టాడు. మరుసటేడు వకీలు వృత్తి వదిలేసి ఎల్స్‌విక్‌లో ఫ్యాక్టరీ పెట్టాడు. మనం పాఠాల్లో చదువుకునే హైడ్రాలిక్ అక్యుమ్యులేటర్ కూడా ఆయన చలవే.

చేతినిండా డబ్బు, నెత్తినిండా పని. 1863లో రోత్‌బరీ దగ్గర కొంత భూమి కొని, వారాంతాల్లో చేపలు పట్టుకోవడానికి ఒక మోస్తరు ఇల్లు కట్టుకున్నాడు. అప్పుడది దాదాపు బోడికొండ. ఆ తర్వాత ఆయన అక్కడ నాటించిన చెట్లూ పొదలూ 70 లక్షల పైమాటే అంటారు. వాగులకు అడ్డంగా కట్టలు కట్టించి చెరువులు చేయించాడు. ఈవేళ అక్కడికి వెళ్ళినవాళ్ళు ‘ప్రకృతి ఎంత బాగుందో’ అనుకునే అడవీ, చెరువులూ చాలావరకు మనిషి చేసినవే. ఒక్కమాట ఇప్పుడే గుర్తుపెట్టుకోండి: ఆ చెరువులు అందం కోసం మాత్రమే కాదు.

పాతదనం నటించే కొత్త ఇల్లు

1869లో ఆర్మ్‌స్ట్రాంగ్ రిచర్డ్ నార్మన్ షా అనే ఆర్కిటెక్టుని పిలిపించాడు. అతిథులంతా వేటకు వెళ్ళిన ఒక్క మధ్యాహ్నంలో షా ఇంటి భవిష్యత్ రూపమంతా గీసి పారేశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా, కట్టడానికి మాత్రం దాదాపు 15 ఏళ్ళు పట్టింది. పాత చిన్న ఇంటిని కూల్చలేదు. దాన్ని నడుమ ఉంచుకుని ఇటో రెక్క, అటో రెక్క, మీద బురుజు, పక్కన గ్యాలరీ అన్నట్టు పెంచుకుంటూ పోయారు. మన ఊళ్ళల్లో పెద్ద కొడుక్కి పెళ్ళయితే మేడ మీద గది, చిన్న కొడుక్కి పెళ్ళయితే వెనకాల గది వేసినట్టే! కాకపోతే ఇక్కడ గీసినవాడు షా. అందుకే ఆ అతుకుల్లోంచే అందం పుట్టింది. గుట్ట వాలుని చదును చేసి ఇంటిని కూర్చోబెట్టకుండా, వాలుతోపాటే ఇంటిని మెట్లు మెట్లుగా ఎక్కించాడు. ఏ వైపునుంచి చూసినా ఒకేలా ఉండదు.

ఈ శైలిని ‘ఓల్డ్ ఇంగ్లిష్’ అన్నారు. ఎత్తైన పొగగొట్టాలు, ఏటవాలు కప్పులు, ముక్కోణపు గోడలమీద నల్లటి కలపచట్రం, దాని మధ్య తెల్లటి గచ్చు. సివిల్ మిత్రులు ఇక్కడ కాస్త ఆగాలి. ఇంగ్లాండులోని నిజమైన పాత ఇళ్ళలో ఆ కలపచట్రమే ఇంటిని మోస్తుంది. ఓక్ దూలాలు భారం మోస్తే, మధ్య ఖాళీల్లో తడికె అల్లి మట్టి మెత్తేవారు. క్రాగ్‌సైడ్ రాతి ఇల్లు. బరువు మోసేది రాతిగోడలు. కలపచట్రం చాలావరకు అలంకారం. పైగా అది దక్షిణాది, పశ్చిమాది జిల్లాల అలవాటు గానీ రాయి పుష్కలంగా దొరికే నార్తంబర్లాండ్‌ది కాదు. మన ఫంక్షన్ హాళ్ళ ముందు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ స్తంభాలు నిలబెట్టడం లాంటిదే, కాస్త గొప్ప చేతితో చేసినది.

లోపల ఆఖరున కట్టిన డ్రాయింగ్ రూము 1884కల్లా సిద్ధమైంది. ఆ ఏడాది వేల్స్ యువరాజు దంపతులు విడిదికి వచ్చారు. పైకప్పు నుంచే వెలుతురు పడే గది అది. ఒక గోడ నిండా పాలరాతి పొయ్యి. పొయ్యి అంటే వంటపొయ్యి కాదు, చలి కాచుకునేది. షా దగ్గర ముఖ్య సహాయకుడిగా ఉన్న లెథబీ రూపకల్పన. బరువు 10 టన్నుల దాకా ఉంటుందంటారు. నిజం చెప్పాలంటే నాకది కాస్త అతిగానే అనిపించింది. డబ్బు మాట్లాడుతున్నప్పుడు ఆర్కిటెక్టు నోరు మూసుకున్నట్టు ఉంటుంది.

ఇంతవరకు చెప్పింది ఇంటి ముఖం. ముఖం చూస్తే 300 ఏళ్ళ నాటి ఇల్లనిపించాలి, అదీ ఉద్దేశం. నరాలు మాత్రం రాబోయే శతాబ్దానివి.

కొండ కింద షెడ్డు

ఏ పెద్ద ఇంటికైనా ఉపగృహాలుంటాయి. ఇంగ్లాండులో అయితే గుర్రపుశాల, చాకిరేవు గది, బీరు కాచే గది, మంచు దాచే కొట్టు. 19వ శతాబ్దంలో కొన్ని భవనాలకు సొంత గ్యాస్ తయారీ షెడ్డు కూడా తోడైంది. బొగ్గుని కాల్చి గ్యాస్ తీసి దీపాలు వెలిగించేవారు. ఆ షెడ్డు కంపు, గదుల్లో మసి. మసికి తైలవర్ణ చిత్రాలు పాడయ్యేవి.

క్రాగ్‌సైడ్ ఉపగృహాలు వేరే రకం. మొదటిది టంబుల్టన్ చెరువు కట్ట దగ్గరి పంపు హౌసు. చెరువు నీళ్ళు కిందికి పడే బలంతోనే అక్కడి హైడ్రాలిక్ ఇంజన్ నడుస్తుంది. అది కొంత నీటిని ఇంటికన్నా ఎత్తులో ఉన్న తొట్టిలోకి ఎక్కిస్తుంది. బొగ్గు లేదు, ఆవిరి లేదు. ఆ తొట్టినుంచి దిగే నీరు తాగడానికి సరే, దాని ఒత్తిడే ఇంట్లో లిఫ్టుని నడిపేది. వంటింట్లో మాంసం కాల్చే ఇనుప చువ్వని గుండ్రంగా తిప్పేది కూడా ఆ నీళ్ళే. అంతకుముందు ఆ చువ్వ దగ్గర కూర్చుని తిప్పడం ఒక కుర్రాడి ఉద్యోగం. లిఫ్టులో ఎక్కువగా ఎక్కింది దొరలు కాదు, బొగ్గు. పైఅంతస్తుల్లోని పొయ్యిలకి పనివాళ్ళు బకెట్లతో మెట్లెక్కి మోయాల్సిన బొగ్గు అది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నీటిశక్తికి ఒక పెద్ద చిక్కుంది: నీళ్ళు పడేచోటే శక్తి దొరుకుతుంది. అందుకే పాత మిల్లులన్నీ వాగు ఒడ్డున ఉండేవి. వాగు ఎక్కడుంటే మిల్లు అక్కడ. కానీ క్రాగ్‌సైడ్ ఉన్నది గుట్టమీద, నీళ్ళు పడేది లోయలో. శక్తిని కొండెక్కించాలి. పంపు హౌసు గొట్టాల ద్వారా కొంతవరకు ఎక్కించింది. మిగతా పని చేసింది రాగి తీగ.

1878లో డెబ్డన్ వాగు దగ్గర చిన్న షెడ్డులో ఒక టర్బైన్, దానికి కట్టిన సీమెన్స్ డైనమో. పైన గ్యాలరీలో ఒక ఆర్క్ దీపం. రెండు కార్బన్ కడ్డీల మధ్య మెరుపు మండే దీపమది. వెలుగు కళ్ళలో పొడిచినట్టుండేది, పైగా బుస. ఇంట్లో పెట్టుకునే వస్తువు కాదు. 1880 డిసెంబరులో మిత్రుడు జోసెఫ్ స్వాన్ తాను తయారుచేసిన గాజుబుడ్డి దీపాలు తెచ్చాడు. కార్బన్ తంతువు, చుట్టూ గాలి తీసేసిన గాజు. నీళ్ళు పుట్టించిన కరెంటుతో అలాంటి బల్బులు వెలిగిన తొలి ఇల్లుగా క్రాగ్‌సైడ్‌ని చెబుతారు.

ఉత్తరంలోని లెక్కలు

1881 జనవరిలో ఆర్మ్‌స్ట్రాంగ్ ‘ది ఇంజనీర్’ పత్రికకు ఉత్తరం రాసి అంతా వివరించాడు. దీపాల అందాన్ని పొగడ్తలతో సరిపెట్టలేదు, తీగ మందం కూడా చెప్పాడు. అందుకే ఆ ఉత్తరం నాకు నచ్చింది. ఇంటికీ డైనమోకీ 1,500 గజాల దూరం. వెళ్ళడానికో తీగ, రావడానికో తీగ, వెరసి 3,000 గజాల రాగి. బర్మింగ్‌హామ్ కొలతలో నంబర్ 1 తీగ, అంటే దాదాపు 7.6 మి.మీ. వ్యాసం. ఇంట్లో మొత్తం 45 దీపాలు. గది మారినప్పుడల్లా ఒకచోట తీసేసి ఇంకోచోట వేసుకుంటాడు కాబట్టి ఒకేసారి 37కి మించి అవసరం పడేది కాదట.

రండి, మొదటి ఏడాది లెక్క ఒకటి చేద్దాం. 3,000 గజాలు అంటే 2,740 మీటర్లు. తీగ అడ్డుకోత వైశాల్యం సుమారు 45.6 చదరపు మి.మీ. ఇవాళ్టి శుద్ధమైన రాగి నిరోధకత వేసుకుంటే మొత్తం నిరోధం దాదాపు 1 ఓమ్ వస్తుంది. 20 ఆంపియర్లు పంపితే తీగలోనే 400 వాట్లు వేడిగా పోతాయి. 40 పంపితే 1,600. కరెంటు రెట్టింపయితే నష్టం నాలుగు రెట్లు. మనమైతే వోల్టేజి పెంచి కరెంటు తగ్గిస్తాం. అప్పటికి ట్రాన్స్‌ఫార్మర్లు వాడుకలోకి రాలేదు. కాబట్టి ఆయన చేతిలో ఉన్న మార్గం ఒక్కటే: చిటికెన వేలంత లావు రాగి. అంత రాగి కొనగలిగిన స్థోమత ఉండటం వేరే సంగతి.

ఉత్తరంలో అన్నిటికన్నా ముచ్చటైనది లైబ్రరీలోని నాలుగు కూజాల సంగతి. రాగి మీద ఎనామిల్ పని చేసిన కూజాలవి. మీద దీపం. స్విచ్చు లేదు. కూజా అడుగున మధ్యలో చిన్న పాదరసపు గిన్నె. దీపానికి వెళ్ళే తీగ కొస కూజా అడుగునుంచి బయటికొచ్చి ఆ పాదరసంలో మునుగుతుంది. కూజా లోహపు ఒళ్ళే తిరుగు కరెంటుకు దారి. కూజాని పీట మీద పెడితే దీపం వెలుగుతుంది, ఎత్తితే ఆరిపోతుంది. కూజాయే స్విచ్చన్నమాట! వోల్టేజి తక్కువ కాబట్టి సరిపోయింది గానీ, ఈ సర్క్యూట్ గనక మన ల్యాబ్ ఎగ్జాములో గీస్తే ఎక్స్‌టర్నల్ గారు వైవా దాకా కూడా రానివ్వరు. పాదరసం విషమన్న సంగతి సరేసరి.

దీపాలు పెరిగేకొద్దీ పాత షెడ్డు చాలలేదు. 1886లో ఇంకా కింద, బర్న్‌ఫుట్ అనే చోట కొత్త పవర్ హౌసు కట్టారు. పైన కొండమీదున్న నెల్లీస్ మాస్ చెరువుల నుంచి గొట్టం. హెడ్ 340 అడుగులు, సుమారు 104 మీటర్లు. ఇంత హెడ్ ఉంటే సెకనుకి ఒక్క లీటరు పడినా లెక్క ప్రకారం ఒక కిలోవాట్ పైచిలుకు. టర్బైన్ దక్షత 70 శాతమనుకున్నా 700 వాట్లు చేతికొస్తాయి. గొట్టం ఎక్కడ మొదలవ్వాలి, చెరువు ఎంత ఎత్తున ఉండాలి, షెడ్డు ఎంత లోతున ఉండాలి, ఇవన్నీ ఆర్కిటెక్చర్ నిర్ణయాలే. వాటిని తీసుకున్నది మాత్రం షా కాదు, భూమి వాలు.

అక్కడ పెట్టిన టర్బైన్ పేరు వోర్టెక్స్. కెండల్‌లోని గిల్క్స్ కంపెనీ తయారీ. లార్డ్ కెల్విన్ అన్న జేమ్స్ థామ్సన్ 1850లో పేటెంట్ తీసుకున్న రకం. నీళ్ళు చుట్టూరా అంచునుంచి సుడి తిరుగుతూ లోపలికొచ్చి నడిమి నుంచి బయటికెళ్తాయి. మన సిలబస్‌లోని ఫ్రాన్సిస్ టర్బైన్‌కి దగ్గరి చుట్టమన్నమాట. ల్యాబులో గైడ్ వేన్లు తిప్పి రీడింగులు రాసుకున్నవాళ్ళు దాని బొమ్మ చూస్తే ఇట్టే పోలుస్తారు. వానల్లేని రోజులకి ఆసరాగా తర్వాత గ్యాస్ ఇంజనూ చేరింది. ఆ పవర్ హౌసు 1945 దాకా పనిచేసింది. అప్పుడు ఇంటికి గ్రిడ్ కరెంటు వచ్చింది.

వెలుగు పైన, మోత కింద

ఇక్కడిదాకా రాసి ఆగిపోతే ఇది మరో ‘వావ్’ వ్యాసం అయ్యేది. కానీ ఈ ఇంటిలో నన్ను కుదురుగా ఉండనివ్వని ప్రశ్నలు రెండున్నాయి.

ఒకటి. పైన లైబ్రరీలో కూజా ఎత్తగానే దీపం ఆరుతుంది. కింద లోయలో డైనమో మీద ఆమేరకు భారం తగ్గుతుంది. భారం తగ్గితే టర్బైన్ వేగం పుంజుకుంటుంది. ఇది మనకి తెలిసిందే. అంటే పైన ఎవరో పుస్తకం మూసి పడుకోబోతే, కింద ఎవరో లేచి యంత్రం చూసుకోవాలి. తీగ వచ్చాక మసి, వాసన, చప్పుడు ఇంటినుంచి మాయమయ్యాయి అంటాం. మాయమవలేదు, మైలు దూరానికి జరిగాయి. వాటితోపాటు వాటిని కాచుకునే మనిషీ జరిగాడు. చువ్వ తిప్పే కుర్రాడు కనీసం వంటింట్లో కనిపించేవాడు. మన హాస్టల్లో పొద్దున్నే నీళ్ళు రాకపోతేనే కదా, తెల్లారగట్ల మోటారు వేసే అన్న ఒకాయన ఉన్నాడని గుర్తొచ్చేది!

రెండోది ఇంకా బరువైనది. ఈ ఇంటి ఖర్చంతా క్రేన్లు పెట్టుకోలేదు. క్రిమియా యుద్ధం వార్తలు చదివాక ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగుల వైపు మళ్ళాడు. వెనకనుంచి గుండు దట్టే, గొట్టం లోపల మెలిగాడులున్న ఆ ఫిరంగికి ఆయన పేరే వచ్చింది. పేటెంట్లు ప్రభుత్వానికి ఉచితంగా ఇచ్చేశాడు, 1859లో ‘సర్’ అయ్యాడు. తర్వాత ఎల్స్‌విక్ ఫిరంగులు ఇతర దేశాలకూ వెళ్ళాయి. అమెరికా అంతర్యుద్ధంలో రెండు పక్షాలకీ అమ్మిందా కంపెనీ. పర్షియా షా, సయాం రాజు క్రాగ్‌సైడ్‌కి అతిథులుగా వచ్చారు. అలాంటి అతిథులు చెరువులు చూడటానికే అంత దూరం వచ్చారనుకోలేం. ఆ డ్రాయింగ్ రూము, ఆ పది టన్నుల పాలరాయి ఒకరకంగా షోరూము.

అదే మనిషి 1863లో ఒక పెద్ద శాస్త్రసభలో అధ్యక్షోపన్యాసమిస్తూ, ఇంగ్లాండు బొగ్గు రెండు శతాబ్దాలకి మించి రాదని లెక్కగట్టాడు, దాన్ని తగలేస్తున్న తీరుని తప్పుపట్టాడు. ఉష్ణమండలంలో, అంటే మనలాంటి చోట్ల, ఒక ఎకరం మీద పడే ఎండలో ఎంత శక్తి ఉందో కూడా ఆయన లెక్క చెప్పాడు. సోలార్ గురించి ఆ రోజుల్లోనే! ఒకే బుర్ర, ఒకే సూత్రం. నీటి ఒత్తిడి బొగ్గు మోసే పనిపిల్ల నడుము కాపాడింది. అదే నీటి ఒత్తిడి ఎల్స్‌విక్‌లో భారీ ఫిరంగులని ఓడల్లోకి ఎత్తింది.

ఆయన్ని ఇప్పుడు బోనెక్కించడం నా పని కాదు. కానీ ప్లేస్‌మెంట్ సీజను నడుస్తోంది. కోర్ కంపెనీల్లో రక్షణ రంగానివి ఉన్నాయి, డ్రోన్లవి ఉన్నాయి. మా బ్యాచ్‌లో ప్యాకేజీ గురించి, బాండ్ గురించి గంటలు గంటలు మాట్లాడుకున్నాం. తయారయ్యే వస్తువు ఎక్కడికెళ్తుందన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. దేశరక్షణకి పనిచేయడం తప్పని నేననను. అడగకుండా చేరిపోవడం మాత్రం నాకిప్పుడు ఇబ్బందిగా ఉంది. ఫార్ములాకి పక్షం లేదు. మనకి ఉండాలి కదా!

ఇవాళ

1977లో క్రాగ్‌సైడ్ నేషనల్ ట్రస్ట్ చేతికొచ్చింది. రెండేళ్ళకి జనానికి తలుపులు తెరిచారు. 2014లో టంబుల్టన్ చెరువు దగ్గర ఆర్కిమెడీస్ స్క్రూ ఒకటి పెట్టారు. 17 మీటర్ల పొడవు, 12 కిలోవాట్లు. నీళ్ళు పైకెత్తడానికి వాడే పాత మరని తలకిందులు చేసి, దిగే నీళ్ళతో తిప్పి కరెంటు తీస్తారు. ఆ ఇంట్లో మళ్ళీ వాగునీళ్ళ దీపాలు వెలుగుతున్నాయి.

న్యూకాజిల్‌లో ఎం.ఎస్. చేస్తున్న మన తెలుగువాళ్ళు బోలెడుమంది. అక్కడినుంచి రోత్‌బరీ ఉత్తరంగా 50 కి.మీ. లోపే. ఎప్పుడైనా వెళ్తే నాదొక సలహా. అందరూ ముందు ఇల్లు చూసి, కాళ్ళు నొప్పులు పుట్టాక పవర్ హౌసు వదిలేస్తారు. మీరు తిరగేసి చేయండి. ముందు కిందికి, బర్న్‌ఫుట్ దాకా నడవండి. గొట్టం ఎక్కడ్నించి దిగిందో తలెత్తి చూడండి. ఆ తర్వాత కొండెక్కి లైబ్రరీలోకి వెళ్ళండి. అప్పటికి కాస్త ఆయాసం వస్తూంటుంది. ఆ దీపాలని ఆ ఆయాసంతోనే చూడాలి.